తేనెటీగకు వాసన తెలియకపోతే

మిరప పూతలో దూరిన తామర పురుగును చంపడానికి కొట్టే మందు, ఆ పురుగు మెదడులోని ఒక చిన్న గ్రాహకం మీద పనిచేస్తుంది. అదే పూత మీద వాలే తేనెటీగకు ఒక పూల వాసనను మరో పూల వాసన నుంచి విడదీసి చెప్పేదీ ఆ గ్రాహకమే. పుల్లలచెరువు చేలకూ ప్రపంచ ప్రయోగశాలలకూ ముడిపడిన ఈ కథ, మెదడుకు మౌనం ఎంత అవసరమో చెబుతుంది.

కార్తీకం వచ్చేసరికి పుల్లలచెరువు మండలంలో చేలన్నీ పూత మీద ఉంటాయి. మిరప మొక్కలో కొమ్మ చీలిన చోటల్లా చిన్న తెల్లపువ్వు తల వంచుకుని వేలాడుతుంది. కంది పచ్చగా విరబూస్తుంది. పత్తిలో కింద కాయలు పగులుతుంటే పై కొమ్మల్లో ఇంకా పూలు విచ్చుకుంటూనే ఉంటాయి. ఇటు యర్రగొండపాలెం, త్రిపురాంతకం, అటు దోర్నాల దాకా మెట్ట రైతు ఏడాది ఆశలన్నీ ఈ రెండు మూడు నెలల పూత మీదే ఉంటాయి.

ఈ పూత కోసం నల్లమల వైపు నుంచి తేనెటీగలు వస్తాయి. కొండచరియలకు, పెద్ద చెట్ల కొమ్మలకు పట్టు పెట్టే పెద్ద తేనెటీగ ఒకటి. చెట్టు తొర్రల్లోనూ పుట్టల్లోనూ కాపురముండే చిన్నది మరొకటి. చెంచులు తరతరాలుగా తీస్తున్న తేనె వీటిదే. మేత కోసం ఇవి పట్టు నుంచి రెండు మూడు కిలోమీటర్ల దూరం సునాయాసంగా వెళ్లివస్తాయి. అంటే అడవి అంచున ఉన్న ప్రతి చేనూ వీటి పరిధిలోదే.

మిరప చాలావరకు సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది. కందిలో మాత్రం ఒక మొక్క పుప్పొడి మరో మొక్కకు చేరడమంటే అది తేనెటీగల పుణ్యమే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు సంకర కందిని రూపొందించినప్పుడు, మగ వరుసల నుంచి ఆడ వరుసలకు పుప్పొడి మోసే పనిని ఈ ఈగలకే అప్పగించారు. దోస, గుమ్మడి, బీర, పుచ్చ తీగలకైతే ఈగ వాలకపోతే పిందే నిలవదు.

తేనెటీగకు ఒక గొప్ప గుణం ఉంది. ఒక విడత మేతకు బయల్దేరితే దాదాపు ఒకే జాతి పూల మీద తిరుగుతుంది. కందికి వెళ్లినది కందికే వెళ్తుంది. అందువల్లే కంది పుప్పొడి కందికి చేరుతుంది. రంగు, ఆకారం కొంత సాయం చేస్తాయి గానీ, పువ్వును ఖాయంగా గుర్తుపట్టించేది వాసన. ఒక్కో పువ్వు వాసనలో పదుల కొద్దీ రసాయనాలు కలిసి ఉంటాయి. వాటిలో చాలా భాగం పక్క పువ్వులోనూ ఉంటాయి, పాళ్లు మాత్రం వేరు. ఆవగింజ కన్నా చిన్న మెదడు, గాలి వీస్తుండగా, రెక్కలు కొట్టుకుంటూ, ఆ తేడాను రెప్పపాటులో ఎలా తేలుస్తుంది?

అందరూ ఒకేసారి మాట్లాడితే

తేనెటీగకు ముక్కు లేదు. దాని వాసనంతా తల మీది రెండు మీసాల్లో ఉంది. ఒక్కో మీసంలో సుమారు 60 వేల వాసన నాడీకణాలు ఉంటాయి. వాటిపై ఉండే వాసన గ్రాహకాలకు జన్యువులు 170. ఒకే రకం గ్రాహకం ఉన్న నాడులన్నీ మెదడులో ఒకే చిన్న గుండ్రటి ముడి దగ్గరికి చేరతాయి. అలాంటి ముడులు తేనెటీగలో 160 దాకా ఉన్నాయి. ఒక వాసన తగిలితే కొన్ని ముడులు వెలుగుతాయి, మరో వాసనకు మరికొన్ని. ఇంతవరకు సులువుగానే అర్థమవుతుంది.

చిక్కంతా దగ్గరి వాసనలతో వస్తుంది. రెండు పూల వాసనలకు మేలుకునే ముడులు చాలావరకు అవే అయినప్పుడు తేడా ఎక్కడి నుంచి రావాలి? రచ్చబండ దగ్గర ఊరంతా ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. కొందరు ఆగితేనే మిగిలినవారి మాట తెలుస్తుంది. మెదడులోనూ ఆ ఆపే పని ప్రత్యేకంగా కొన్ని నాడీకణాలదే. అవి వార్తను ముందుకు మోయవు. ఒక ముడి గట్టిగా మోగినప్పుడు చుట్టుపక్కల ముడులను తగ్గిస్తాయి. అందుకు అవి వదిలే రసాయనం పేరు గాబా.

గాబా మెదడులో ఉందని యూజీన్ రాబర్ట్స్, హోర్హే అవపారా 1950లో విడివిడిగా కనిపెట్టారు. అది నాడులను అణచే పదార్థమని 1957లో ఎర్న్‌స్ట్ ఫ్లోరీ బృందం తేల్చింది. ఇప్పుడు మనకు తెలిసినంతలో, పురుగు మెదడులోనూ మనిషి మెదడులోనూ నిరోధానికి ప్రధాన సాధనం ఇదే.

గాబా ఒట్టి కబురు. దాన్ని అందుకుని పని జరిపించేది గ్రాహకం. ఇందులో రెండు తరగతులున్నాయి. మొదటిది గాబా-ఏ తరగతి. ఐదు ప్రోటీన్ ముక్కలు వలయంగా కూర్చుంటాయి, మధ్యలో సన్నటి రంధ్రం. గాబా వచ్చి అంటుకోగానే ఆ రంధ్రం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి పోతాయి. కణం విద్యుత్ స్థితి మారి కాసేపు మౌనం వహిస్తుంది. ఇదంతా సెకనులో వందో వంతు లెక్కన జరిగిపోతుంది. రెండోది గాబా-బీ. దీనికి రంధ్రం లేదు. కణం లోపలి వేరే ప్రోటీన్లను కదిలించి నిదానంగా, ఎక్కువసేపు పనిచేస్తుంది. వాసన మార్గంలో ఇది మొదటి మెట్టు దగ్గరే, అంటే మీసాల నుంచో ముక్కు నుంచో వచ్చే నాడుల కొసల మీదే ఉండి, లోపలికి ఎంత కబురు పోవాలో అక్కడే నియంత్రిస్తుంది. గాఢమైన వాసనకు మెదడు ఉక్కిరిబిక్కిరి కాకుండా, పలుచని వాసన చేజారిపోకుండా చూసే ఏర్పాటు ఇది.

కాకమారి గింజ చెప్పిన నిజం

మన దేశపు అడవుల్లో కాకమారి అనే తీగ ఉంది. దాని గింజలు దంచి నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయి. ఆ గింజలోని విషాన్ని 1812లో ఫ్రాన్స్‌కు చెందిన బులే వేరుచేశాడు. దాని పేరు పిక్రోటాక్సిన్. గాబా తెరిచే క్లోరైడ్ రంధ్రంలో ఇరుక్కుని దాన్ని మూసేయడమే దాని పని. నిరోధం పోతే మెదడు ఏమవుతుందో చూడాలనుకున్న శాస్త్రవేత్తలకు ఇది చేతికందిన పనిముట్టు అయింది.

1997లో మార్క్ స్టాప్ఫర్, జిల్ లారెంట్, బ్రయాన్ స్మిత్ తదితరులు తేనెటీగల మీద చేసిన ప్రయోగం వాసన శాస్త్రంలో మైలురాయి. తేనెటీగను చిన్న గొట్టంలో తల మాత్రం బయటికి ఉండేలా నిలబెడతారు. మీసాలకు ఒక వాసన సోకించి, వెంటనే పంచదార నీళ్లు అందిస్తారు. తేనెటీగ నాలుక చాపి తాగుతుంది. కొన్ని విడతలు ఇలా చేస్తే తర్వాత ఆ వాసన రాగానే, పంచదార లేకపోయినా, నాలుక చాపుతుంది. వేరే వాసనకు చాపదు. నేర్చుకున్నదనడానికి అదే సాక్ష్యం.

కొన్ని తేనెటీగల మెదడులోని వాసన ముడుల మీద పిక్రోటాక్సిన్ వేశారు. అవి వాసన పసిగట్టడం మానలేదు, నేర్చుకోవడమూ మానలేదు. బొత్తిగా పొంతన లేని రెండు వాసనలను చక్కగానే విడదీశాయి. కానీ దగ్గరి వాసనల దగ్గర తడబడ్డాయి. ఒకదానికి శిక్షణ ఇస్తే రెండోదానికీ నాలుక చాపాయి. నిరోధం ఉన్నప్పుడు నాడీకణాలు ఒకే లయలో మోగుతాయి. మందు పడగానే ఆ లయ చెదిరింది, దాంతోపాటే సూక్ష్మమైన తేడా తెలిసే శక్తి పోయింది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. చేలో తేనెటీగకు కావలసింది సరిగ్గా ఆ శక్తే. పువ్వుకూ పెంటకుప్పకూ మధ్య తేడా కాదు, పువ్వుకూ పువ్వుకూ మధ్య తేడా. నిరోధం దెబ్బతిన్న తేనెటీగ పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. ఎగురుతుంది, పూల మీద వాలుతుంది. దాని పనితనం మాత్రం లోపల్లోపల పోయి ఉంటుంది.

మన ముక్కులోనూ అదే ఏర్పాటు

మనిషి వంశమూ తేనెటీగ వంశమూ 50 కోట్ల ఏళ్లకు ముందే వేరయ్యాయి. అయినా వాసన యంత్రాంగం ఆశ్చర్యపోయేంతగా ఒకేలా తయారైంది. లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో వాసన గ్రాహకాల జన్యువులను కనిపెట్టి 2004లో నోబెల్ అందుకున్నారు. ఎలుకలో అవి సుమారు 1,000 రకాలు, మనిషిలో 400. ముక్కు పైభాగం నుంచి ఆ నాడులు మెదడు అడుగున ఉన్న ఘ్రాణ కందంలోకి చేరతాయి. అక్కడా గుండ్రటి ముడులే, అక్కడా గాబా కణాలే. మెదడులో ముందుకు కబురు మోసే కణాల కన్నా ఆపే కణాలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న అరుదైన చోటు ఇది.

ఆ ఆపే కణాల్లో ప్రధానమైనవాటికి, మామూలు నాడీకణానికి ఉండే పొడవాటి తోక లేదు. కబురు మోసే కణం తన కొమ్మతో వీటిని తట్టి లేపుతుంది, ఇవి అదే స్పర్శ దగ్గర గాబా వదిలి దాన్నే తిరిగి ఆపుతాయి. ఇచ్చిపుచ్చుకోవడం రెండూ ఒకే చోట. విల్‌ఫ్రిడ్ రాల్, గోర్డన్ షెపర్డ్ బృందం ఈ వింత అమరికను 1966లో ప్రకటించింది.

ఈ నిరోధాన్ని ఎక్కువ తక్కువ చేసి చూసినవారిలో మన దేశస్థుడు నిక్సన్ అబ్రహాం ఒకరు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో చేసిన ఆ పరిశోధన 2010లో వెలువడింది. ఎలుకల ఘ్రాణ కందంలో నిరోధం పెంచితే, ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉన్న వాసనల మిశ్రమాలను అవి త్వరగా విడదీశాయి. తగ్గిస్తే ఆలస్యం చేశాయి. తేలిక వాసనల దగ్గర మాత్రం తేడా రాలేదు. తేనెటీగ చెప్పిన మాటనే ఎలుకా చెప్పింది. ఆయన ప్రస్తుతం పుణె ఐసర్‌లో ఈ పరిశోధనలే కొనసాగిస్తున్నారు.

మిరప కల్లంలో పనిచేసేవారికి రెండు అనుభవాలు తెలుసు. ఘాటు ముక్కు మండిస్తుంది. అది నిజానికి వాసన కాదు, నొప్పిని మోసే వేరే నాడి పని. రెండోది, ఎండుమిరప కమ్మటి వాసన. కొత్తగా వచ్చినవారికి గుప్పుమంటుంది, రోజూ అక్కడే ఉండేవారికి తెలియనే తెలియదు. ఇలా వాసన అలవాటైపోవడం వెనుక కూడా గాబా ఉంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌కు చెందిన వెరోనికా రోడ్రిగ్స్, డబ్లిన్ ట్రినిటీ కళాశాల శాస్త్రవేత్త మణి రామస్వామి బృందాలు 2011లో దీన్ని నిరూపించాయి. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలను కొన్ని రోజులపాటు ఒకే వాసనలో ఉంచితే దాన్ని పట్టించుకోవడం మానేశాయి, మిగతా వాసనలు మామూలే. కబురు మోసే కణాల మీది గాబా గ్రాహకాన్ని తగ్గించిన ఈగల్లో ఆ అలవాటు కుదరలేదు. అంటే అలవాటు పడటం అలసట కాదు. మెదడు ఆ ఒక్క వాసనకు తానే కోరి నిరోధాన్ని పెంచుకుంటోంది.

డబ్బాలో ఉన్నదేమిటి

అరటిపండు చుట్టూ ముసిరే ఆ ఈగలో గాబా గ్రాహకం జన్యువు పేరు ఆర్‌డీఎల్. డీల్డ్రిన్ అనే పాత పురుగుమందుకు లొంగని ఈగల్లో దొరికింది కాబట్టి ఆ పేరు. రిచర్డ్ ఫ్రెంచ్ కాన్‌స్టంట్ బృందం 1991లో ఆ జన్యువును వేరుచేసింది. 1993లో అసలు రహస్యం బయటపెట్టింది. గ్రాహకంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు రంధ్రంలో నిలవదు, పురుగు చావదు. కాకమారి విషం చేసే పనినే డీల్డ్రిన్ చేస్తోందన్నమాట.

మన రైతులకు ఈ వరుసలో బాగా తెలిసిన పేరు ఎండోసల్ఫాన్. పత్తికి, కందికి ఏళ్ల తరబడి దాన్ని కొట్టారు. కేరళ కాసరగోడ్ బాధితుల పోరాటం తర్వాత 2011 మే 13న సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా ఆపించింది. అదీ గాబా రంధ్రాన్ని మూసేదే. ఆ విషం ఒంట్లోకి పోయిన మనిషికి మూర్ఛలు వచ్చేది అందుకే. అలాంటి రోగికి ఆస్పత్రిలో ఇచ్చే లొరాజెపామ్, మిడజోలామ్ ఇంజెక్షన్లు కూడా గాబా-ఏ గ్రాహకం మీదే పనిచేసి, ఆగిపోయిన నిరోధాన్ని నిలబెడతాయి.

ఎండోసల్ఫాన్ పోయింది, గురి మాత్రం మారలేదు. రీజెంట్ పేరుతో అందరికీ తెలిసిన ఫిప్రోనిల్ ఈ గ్రాహకం మీదికే వెళ్తుంది. 2021-22లో నల్ల తామర పురుగు ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ జిల్లాల్లో మిరపను ఊడ్చిపెట్టినప్పుడు రైతులు చేతికందిన మందల్లా కొట్టారు. ఆ రోజుల్లోనే మార్కెట్లోకి వచ్చిన గ్రేసియాలోని ఫ్లుక్సామెటమైడ్, ఎక్స్‌పోనస్‌లోని బ్రోఫ్లానిలైడ్ కూడా గాబా గ్రాహకం మీద పనిచేసేవే. అవి ఫిప్రోనిల్ అంటుకునే చోట కాకుండా మరో చోట అంటుకుంటాయి. అందుకే పాత మందుకు లొంగని పురుగులకూ పనిచేస్తాయి.

ఇందులో అసలు ప్రమాదం నల్ల తామర పురుగు అలవాటులో ఉంది. పాత తామర పురుగు ఆకు మీద ఉండి పైముడత తెచ్చేది. ఇది గుంపులుగా పువ్వులోనే చేరుతుంది. కాబట్టి మందు పువ్వు మీదే పడాలి. తేనెటీగ వాలేదీ ఆ పువ్వు మీదే.

గ్రాములో 200 కోట్లవ వంతు

2005లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేనెటీగ వీపు మీద ఫిప్రోనిల్ చుక్క వేసి, పైన చెప్పిన నాలుక పరీక్షే పెట్టారు. అర నానోగ్రాముకే వాసన నేర్చుకోవడం దెబ్బతింది. అర నానోగ్రాము అంటే గ్రాములో 200 కోట్లవ వంతు. ఆ మోతాదుకు తేనెటీగ చావదు. చావాలంటే దాదాపు పది రెట్లు కావాలి.

ఇప్పుడు మన పంపులో ఉన్న నీళ్లను లెక్క కడదాం. 5 శాతం ఫిప్రోనిల్ డబ్బాలో ప్రతి మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపితే, ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు ఉండే చిన్న చుక్కలో 100 నానోగ్రాములు ఉంటాయి. అంటే వాసన నేర్పును దెబ్బతీసిన మోతాదుకు 200 రెట్లు ఒక్క చుక్కలోనే ఉంది. తైవాన్ స్ప్రేయరు పొగలా చిమ్మే తుంపరలో అంతకన్నా సన్నటివి లెక్కలేనన్ని.

సాయంత్రం కొడితే సరిపోతుందని చాలామంది నమ్మకం. తేనెటీగలు పట్టుకు చేరాక కొట్టడం నిజంగానే మేలు, నేరుగా తుంపర పడకుండా కాపాడుతుంది. కానీ ఫిప్రోనిల్ ఒక్క రాత్రితో విరిగిపోయేది కాదు. ఎండ తగిలి రూపం మారినా, పురుగు ఒంట్లో మారినా, పుట్టుకొచ్చే కొత్త పదార్థాలు కూడా విషాలే. ఈ కారణాలన్నీ తూచిన ఐరోపా సమాఖ్య 2013లో దాని వాడకాన్ని తీవ్రంగా కుదించింది.

తేనెటీగ ఒంటరి జీవి కాదు కూడా. మేతకు వెళ్లిన ఈగ తిరిగి వచ్చి నాట్యం చేసి, ఒంటికి అంటిన పూల వాసన పంచి, తోటి ఈగలను పంపుతుంది. వాసన మరిచిన ఈగ ఒక్కటైతే నష్టం ఒక్కదానితో పోతుంది. వేల ఈగలకు ఆ గతి పడితే పట్టుకు మేత తగ్గుతుంది, పిల్లకు తిండి తగ్గుతుంది. చేను దగ్గర చచ్చిన ఈగలు కుప్పలుగా కనిపించకపోవచ్చు. పట్టు మాత్రం చిక్కిపోతుంది. నల్లమలలో తేనె మీద ఆధారపడిన చెంచు కుటుంబానికి ఆ నష్టం ముందు తెలుస్తుంది, కంది రైతుకు ఆ తర్వాత తెలుస్తుంది.

రైతు చేతిలో ఉన్నది, ప్రభుత్వం చేయాల్సింది

ఈ మాటలు రైతును తప్పుపట్టడానికి కాదు. ఎకరం మిరపకు లక్షలు పెట్టి, నీళ్లు చాలని బోరును నమ్ముకుని, పూతంతా రాలిపోతుంటే చేతులు కట్టుకు కూర్చోమని ఎవరూ చెప్పలేరు. కానీ మందు ఎప్పుడు, ఏది అన్నది తేల్చుకునే సమాచారం అతని చేతికి రావాలి. అది అతని హక్కు.

డబ్బా మీది పెద్ద అక్షరాల పేరు కంపెనీ పెట్టుకున్నది. కింద చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక నామం అసలు మందు. ఫిప్రోనిల్, ఫ్లుక్సామెటమైడ్, బ్రోఫ్లానిలైడ్... ఈ మూడింట్లో ఏది కనిపించినా అది గాబా గ్రాహకం మీది మందు. పేరు మార్చి మార్చి వీటినే వరసగా కొడితే పురుగు లొంగనితనం నేర్చుకుంటుంది, తేనెటీగ మాత్రం నేర్చుకునేలోపే నష్టపోతుంది. రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపి కొట్టే అలవాటు ఖర్చుతోపాటు ఈ చేటునూ పెంచుతుంది.

తామర పురుగుకు నీలం జిగురు అట్టలు నారు దశ నుంచే పెట్టాలి. చేను చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేస్తే గాలివాటున వచ్చే పురుగు కొంత ఆగుతుంది. తొలి దశలో వేపనూనె పనిచేస్తుంది. నత్రజని అతిగా వేసిన లేత పైరు పురుగును తానే పిలుస్తుంది. ఇవి చేశాక కూడా పురుగు మించితే, పూత లేని దశలోనే గాబా మందులను వాడుకుని, పూత మీద ఉన్న రోజుల్లో వాటిని పక్కన పెట్టాలి. పక్క చేలో కంది పూత మీద ఉంటే మిరప రైతు ఆ సంగతీ చూసుకోవాలి. తుంపరకు గట్టు తెలియదు.

ప్రభుత్వ బాధ్యత ఇంకా పెద్దది. తేనెటీగలకు ఏ మందు ఎంత విషమో తెలుగులో పెద్ద అక్షరాలతో డబ్బా మీద ఉండాలి. రైతు సేవా కేంద్రంలో పూత కాలపు మందుల పట్టిక గోడ మీద ఉండాలి. కొట్టు యజమాని మాటే సలహాగా మిగిలిపోయిన చోట వ్యవసాయాధికారి చేలోకి రావాలి. నల్లమల అంచున ఉన్న పుల్లలచెరువు, యర్రగొండపాలెం, దోర్నాల, అర్ధవీడు మండలాలను తేనెటీగల మేత ప్రాంతంగా గుర్తించి, పూత నెలల్లో ఏ మందులు వాడకూడదో ముందుగానే ప్రకటించాలి. ఇక్కడి పెద్ద తేనెటీగ, చిన్న తేనెటీగల మీద ఈ మందుల ప్రభావాన్ని మన వ్యవసాయ విశ్వవిద్యాలయమే, మన చేలల్లోనే పరీక్షించాలి. ఫ్రాన్స్ ప్రయోగం మనకు దారి చూపింది. మన గాలికి, మన ఎండకు, మన ఈగకు సరిపోయే లెక్క మనమే కట్టుకోవాలి.

పురుగు మెదడును దెబ్బతీయగలిగిన మనిషి, తన చేనుకు పనిచేసే ఈగ మెదడును కాపాడటం కూడా నేర్చుకోగలడు. దానికి కొత్త మందు కనిపెట్టనక్కర్లేదు. పూత మీద ఉన్న పైరుకు గాబా మందు కొట్టకూడదన్న ఒక్క కట్టుబాటును, ఊరంతా కలిసి, వచ్చే ఖరీఫ్ నుంచే మొదలుపెడితే చాలు.